గుట్టకు నిప్పు పెట్టినవాళ్ళు

మొన్న మదనపల్లెలో కూతురింట్లో ఉన్నప్పుడు, మనవరాలు బడి ప్రాజెక్టుకని గీసిన చార్టు తెచ్చి నా ముందర పరిచింది. మధ్యలో భూగోళం, దాని చుట్టూ చేతులు పట్టుకున్న అన్ని దేశాల పిల్లలు, ఒక మూల మంటల్లో అడవి. నడివయసులో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని కాబట్టి వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. అడవులకు నిప్పు పెట్టేది దుర్మార్గులు అని ఉంది. వేలు అక్కడే ఆగిపోయింది.

కురబలకోట పక్కన మా పల్లెలో ఎండాకాలం చివర గుట్టకు నిప్పు పెట్టేవాళ్ళు. ఎండుగడ్డి కాలితే తొలకరికి లేత పచ్చిక లేస్తుందని, ఆ పొగకు మబ్బు కూడుతుందని పెద్దవాళ్ళ నమ్మకం. మన వయసువాళ్ళకు చెప్పనక్కరలేదు. నా చిన్నప్పుడు ఒక ఏడు మేత లేక గొర్రెలు ఒకదాని వెనక ఒకటి పడిపోతుంటే, మా నాయన మా అన్న చేతికి అగ్గిపెట్టె ఇచ్చి గుట్ట మీదికి పంపాడు. అన్నకు అప్పుడప్పుడే మీసం వస్తోంది.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. మంట గుట్ట దిగి అవతలి పల్లె కళ్ళంలో పడింది. గడ్డివాములు కాలాయి, పక్కనున్న కొట్టమూ, అందులో కట్టేసిన పాడి ఆవూ కాలిపోయాయి. ఆ ఆవు అరుపు మా ఇంటిదాకా వినిపించింది. అది ఆగిపోయినప్పుడు ఇంకా భయమేసింది.

పొద్దు వాలకముందే ఆ పల్లెవాళ్ళు కట్టెలు, గొడ్డళ్ళు పట్టుకొని వచ్చారు. అన్నను దొడ్డిలోంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, అడ్డం పోయిన అమ్మను తన్ని, వాకిట్లో బండ మీద వాడి కుడిచెయ్యి పెట్టి గొడ్డలి మడమతో కొట్టారు. ఇప్పటికీ ఎవరైనా పొయ్యిలోకి పుల్ల విరిస్తే నాకు ఆ చప్పుడే. కొట్టినాయన ఆవును పోగొట్టుకున్నాయనే, ఏడుస్తూనే కొట్టాడు. ఎవురు పెట్టమన్నార్రా అని అడిగాడు. నాయన దొడ్డి గోడకు ఆనుకొని ఉన్నాడు. ఆ ఆవు ఇంటివాళ్ళతో ఆయనకు పాత పొలం గట్టు తగాదా. పేరు బయటికొస్తే గొడ్డలి ఈసారి పదునువైపు తిరిగేది. అన్న ఆయన దిక్కు చూడనే లేదు.

"ఎవురూ సెప్పలేదు. నేనే పెట్టినా."

దానికి ఇంకో దెబ్బ పడింది.

వాన వచ్చింది, పచ్చికా లేచింది, మేయడానికి గొర్రెలే లేవు. కాలిన వాముల కింద జమ అని, చావగా మిగిలినవాటిని వాళ్ళు తోలుకుపోయారు. వంకరగా అతుక్కున్న చేత్తోనే అన్న కుప్పం దిక్కు తోటల్లో కూలికి పోయి బతికాడు.

ఇదంతా చెప్పి, ఆ దుర్మార్గులన్న మాట కొట్టెయ్యమన్నాను. ఆడ ఏమి రాసేది అవ్వా అంది పిల్ల.

"గొర్రెలు సస్తాంటే సూడలేనోళ్ళని రాయి పాపా. ఆవు కాలిపోయిందనీ రాయి. రెండూ రాయల్ల."

టీచరు మార్కులు తగ్గిస్తుందేమోనని గొణుక్కుంటూనే రాసింది.

ఇప్పుడు మా గుట్టకు ఎవరూ నిప్పు పెట్టరు. రాయి కోసం క్వారీవాళ్ళు సగం కోసుకుపోయారు, కాలడానికి గడ్డే లేదు. పుంగనూరు రోడ్డు మీద లారీల్లో పోతున్న బండలను చూస్తే, అన్న గొర్రెలు కాసిన చోటు ఏ బండలో పోయిందో అనుకుంటాను. పేలుళ్ళ దుమ్ము రెండు పల్లెల ఇళ్ళ మీదా ఒకటిగానే పడుతోంది. దానికి మాత్రం గొడ్డలి పట్టుకొని ఎవరూ ఎవరి వాకిట్లోకీ రాలేదు.