మేస్త్రీ గారి భుజాలు

పెరట్లో మీటరు ఎత్తున, వెయ్యి లీటర్లు పట్టే గుండ్రటి నీళ్ల తొట్టి కట్టిద్దామనుకున్నాను. లెక్కల టీచర్ని కదా, నేనే సూత్రం వేసి, "వెడల్పు యాభై ఆరు సెంటీమీటర్లు" అని పొద్దున్నే తాపీమేస్త్రి సత్తిబాబు గారికి రాసిచ్చాను.

ఆయన నేలమీద అంత సున్నా గీసి, అందులో గొంతుక్కూర్చుని చూశారు.

"టీచరు గారండీ, లోపల కూర్చుని పూత పుయ్యాలి కదండీ, నా భుజాలే పట్టట్లేదండి. దీనికి రెట్టింపు ఉండాలేమో చూడండి."

చూశాను. వ్యాసార్థం కనుక్కుని వ్యాసమని రాసేశాను! ఆ తొట్టిలో రెండొందల యాభై లీటర్లు కూడా పట్టేవి కావు.

దణ్ణం పెట్టి రెండో కాఫీ ఇచ్చాను. చదివి నవ్వుకున్నది చాలు, మీరు చేసిన ఇలాంటి ఘనకార్యాలూ చెప్పండి. ఇదే తప్పుకి ఏళ్ల తరబడి పిల్లల మార్కులు కోశాను. ఈ రోజు నా పేపరు దిద్దినవి సత్తిబాబు గారి భుజాలు.