ఎందుకంత అప్పలసూరి

మీ జీతమెంతో నేను అడగను లెండి, కంగారు పడకండి. అది మా అప్పలసూరి బావ పని. కొత్త మనిషి కనబడితే లోకంలో అందరూ ఏ ఊరు, ఎవరి పిల్లలు, భోంచేశారా అని అడుగుతారు. మా బావకి అవేవీ అక్కర్లేదు. "జీతం ఎంత?" అంటాడు. చెప్పగానే "ఎందుకంత?" అంటాడు. ఇరవై రూపాయల క్లీనరైనా, సూటు తొడుక్కున్న ఇంజనీరైనా అవే రెండు ముక్కలు. అందుకే సాలూరు లారీ స్టాండంతా ఆయన్ని ఎందుకంత అప్పలసూరి అనేవారు.

నా పేరు దాలమ్మ. అరవై ఏడు, అరవై ఎనిమిది సంవత్సరాల్లో లారీ కంపెనీకి ఎదురుగా నాకు టిఫిను కొట్టు ఉండేది. అప్పలసూరి నాకు మేనమామ కొడుకు. ఆయనకి ఒకే ఒక్క లారీ, దాని పేరు ముసిల్ది. అది రోడ్డు మీద కన్నా షెడ్డులోనే ఎక్కువ ఉండేది కాబట్టి, బావ నా కొట్టులోనే ఎక్కువ ఉండేవాడు.

నా కొట్టులో ఒకటే కట్టుబాటు. పేడతో అలికిన నేల, పీటల మీద కూర్చుని తినాలి, జోళ్లు అరుగు కిందే విప్పాలి. డ్రైవరైనా అంతే, తాసీల్దారైనా అంతే. మా బావ ఆ జోళ్ల పక్కనే కూర్చుని, లోపలికి వెళ్లినవాడి జోడు ఎత్తి, అడుగు తిప్పి, కళ్లు చిట్లించి చూసేవాడు.

"ఏటి బావా అది, అసయ్యంగా!" అంటే, "నోరు అబద్దం ఆడతాదే దాలమ్మా. జోడు ఆడదు. మడిసి జీతం జోడు అడుగున ఉంటాది," అనేవాడు.

ఉండేదో లేదో గాని, ఆయన లెక్క ఏ రోజూ సరిపోయేది కాదు. ఒక కాంపౌండరుకి మామగారు పెళ్లిలో పెట్టిన కొత్త జోళ్లు చూసి "ఐదొందలు తక్కువుండదు, మందులు అమ్ముకుంటన్నాడు," అని తేల్చేశాడు. ఇంకోసారి ఒకాయన ఒట్టి కాళ్లతో వచ్చాడు. బావ గుండె నీరైపోయింది. "పాపం, జీతం నేని మడిసి. ఆయనకి నాలుగిడ్లీలు ఎట్టు, నా పేర రాసుకో," అన్నాడు. పెట్టాను. తీరా చూస్తే ఆయన చింతపండు షావుకారు, సంతలో సగం కొట్లు ఆయనవే. దేవుడి మొక్కుండి జోళ్లు వదిలేశాడట. ఇడ్లీలు తిని, చెయ్యి కడుక్కుని, "ఇలాటి దాతలు ఉండబట్టే వానలు పడుతున్నాయి," అని దీవించి మరీ వెళ్లాడు.

అన్నట్టు, నా కొట్టు ముందు జోళ్లు మాయమవుతుండేవి. పూర్తిగా పోయేవి కావు. పొద్దున పోయిన జోడు సాయంత్రానికో, మర్నాటికో అరుగు కిందే దొరికేది. నేను వీధి కుక్క మీద అనుమానం పెట్టుకుని దాన్ని చీపురుతో తరిమేదాన్ని. పోస్టుమాను జగన్నాధం అయితే, "కుక్క ఎత్తుకెళ్లి తెచ్చిన కాడినుంచీ నా జోడు మెత్తగా నడుత్తన్నాదే అమ్మా," అని ఆశ్చర్యపోయేవాడు.

ఇక అసలు కథ. ఆ లారీ కంపెనీ లారీ ఓనర్లందరూ వాటాలు వేసుకుని పెట్టుకున్నది. మా బావకీ ఒక వాటా ఉంది. ఇరవై లారీల జోగయ్య దానికి ఛైర్మను. ఆయనా, ఇంకో ముగ్గురూ డైరెక్టర్లు. కంపెనీ మొత్తం నడిపేది మాత్రం పెద్ద మేనేజరు గణపతిరావు గారు. విజయనగరం మనిషి. సన్నగా, గొడుగు కర్రలా ఉండేవారు.

ఆయన వచ్చాక లైను అని పెట్టారు. ముందొచ్చిన లారీకి ముందు లోడు. ఇరవై లారీలున్నా, ఒక్క లారీ ఉన్నా, లైనులో నిలబడాల్సిందే. అంతకుముందు పసుపొచ్చినా, బెల్లమొచ్చినా జోగయ్య లారీలే ఎత్తుకుపోయేవి. ఒక్క లారీవాళ్ల టైర్ల చుట్టూ గడ్డి మొలిచేది. వాళ్ల డ్రైవర్లు నా కొట్టులో కూర్చుని మంచినీళ్లు తాగి లేచిపోయేవారు.

ఆ మేనేజరుకి నెలకి వెయ్యి రూపాయలని ఎవరో గాలిమాట ఒకటి వదిలారు. మా బావకి అన్నం సయించలేదు. గణపతిరావు గారు ఇడ్లీ తినడానికి రాగానే ఎదురుగా పీట వేసుకు కూర్చున్నాడు.

"మేనేజరు బాబూ, తమరి జీతం ఎంతండి?"

"ఆరు వందలండీ."

"ఎందుకంత?"

నేను చట్నీ గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. ఆయనకి మాత్రం కోపం రాలేదు.

"కంపెనీ పెద్దదండీ. చిన్న కంపెనీ అయితే చిన్న జీతమే ఇద్దురు."

"మా ముసిల్దీ పెద్ద లారీయే. దాని డ్రైవరుకి నూరే కదా బాబూ."

"బాధ్యత ఉంటుంది కదండీ. సరుకు తడిసిందంటే నా పీక పట్టుకుంటారు."

"సరుకు తడిస్తే ముందు తన్నులు తినీది క్లీనరు. ఆడికి ఇరవయ్యే."

"సరే. నన్ను విశాఖపట్నంలో ఇంకో కంపెనీ ఏడు వందలిస్తాం రమ్మంటోంది. అది కూడా చూసుకుని ఇస్తారు."

"అంటే, తమరు ఎల్లిపోతారేమోనని మా బయానికి కొంత ఇత్తన్నామన్నమాట!"

"అలాగే అనుకోండి," అని నవ్వారాయన.

బావ పీట ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు. "ఎక్కువ బరువు మోసీ లారీ ఎక్కువ డీజిలు తాగుతాది, ఒప్పుకుంటాను. ఎక్కువ డీజిలు తాగీ లారీలన్నీ బరువు మోత్తాయేటి బాబూ?"

గణపతిరావు గారికి పొలమారింది. నేను నీళ్లందించాను. తేరుకుని, "సూరి గారూ, మిమ్మల్ని డైరెక్టరుగా వేసుకోవాల్సింది," అన్నారు.

"నాకెంత ఇత్తారేటి?" అన్నాడు బావ వెంటనే.

"ఎందుకంత?" అన్నాన్నేను.

అక్కడితో ఊరుకుంటే ఆయన అప్పలసూరి ఎందుకవుతాడు? ఆ రోజే మేనేజరుగారి జోడు తిప్పి చూశాడు. అడుగు అరిగి అరిగి, మధ్యలో చిల్లు పడి, దాని కింద లారీ ట్యూబు ముక్క అతికించి ఉంది. బావ ముఖం నల్లబడింది.

"ఇది ఆరొందలోడి జోడు కాదే. ఏసం కడతన్నాడు. డబ్బు ఎక్కడో దాత్తన్నాడు."

సంతరోజున ఆయన వెనకాలే తిరిగాడు. పాత మేనేజరు మేకపోతు మాంసం తప్ప ముట్టేవాడు కాదు. ఈయన ఎండు మెత్తళ్లు బేరమాడుతున్నారు. బావ బెల్లం బుట్టల వెనక నక్కి చూస్తుంటే, ఆయనే తిరిగి, "సూరి గారూ, ఎండు చేపలంటే నాకు ప్రాణమండీ. అంతకుమించి ఏమీ లేదు. రండి, మీరూ కొనుక్కోండి," అన్నారు. ఇంకోరోజు ఆయన టీ తాగి బయటికొచ్చేసరికి బావ చేతిలో ఆయన జోడుంది.

"ఏమండీ, నా జోడుతో ఏం పని?"

"జీతం సూత్తన్నాను బాబూ."

"కనబడిందా?"

"చిల్లే కనబడతన్నాది," అన్నాడు బావ దిగులుగా.

ఈ అనుమానం జోగయ్య చెవిన పడింది. ఆయనకి లైనంటే ఒళ్లు మంట. ఏడాదికోసారి జరిగే పెద్ద మీటింగుకి రెండు రోజుల ముందు నా కొట్టుకొచ్చి, మా బావకి టీ చెప్పి, పక్కన కూర్చున్నాడు. ఛైర్మను సొంత డబ్బుతో టీ ఇప్పించడం నేను చూడ్డం అదే మొదలు.

"ఒరే అప్పలసూరీ, మీటింగులో నువ్వేం సెయ్యక్కర్లేదురా. నేను మేనేజరు జీతం సదువుతాను. నువ్వు నీ మాట ఒక్కటి అడిగేయ్. మిగతాది నేను సూసుకుంటాను."

"సూసుకుని ఏటి సేత్తావు మావా?"

"జీతం కోసేత్తాం. ఆయన పట్నం పోతాడు. మా బావమరిది చినబాబున్నాడు కదా, ఆడు మూడొందలకే సేత్తానంటన్నాడు. సగానికి సగం కలిసొత్తాది!"

"సగమా!" అన్నాడు బావ. కళ్లు పెద్దవయ్యాయి.

జోగయ్య వెళ్లగానే నేను బావ మీద పడ్డాను. "బావా, నీ కాళ్లు మొక్కుతాను, ఆ మాట ఒక్క పూట మింగేయ్. చినబాబొత్తే లైను ఉంటాదేటి? నీ ముసిల్ది మళ్లీ గడ్డి మేత్తాది. ఈ డ్రైవర్లు ఏటి తింటారు?"

"అడగవలిసింది అడగాలి కదే," అని లేచి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండి, ఆ పూట ఆయనకి చట్నీలో నూనె తాలింపు కూడా వెయ్యలేదు.

మీటింగు కంపెనీ గోడౌనులో పెట్టారు. గోనెలు పరిచారు, అందరూ జోళ్లు గుమ్మంలో విప్పి కూర్చున్నారు. డైరెక్టర్ల ముందు మాత్రం జిలేబీ పళ్లాలు పెట్టారు. నేను టీ పట్టుకెళ్లి, పోయినట్టే పోయి తలుపు వారన నిలబడ్డాను. గణపతిరావు గారు ఒక మూల తలొంచుకుని కూర్చున్నారు. ఎవరో ఆయన చెవిలో ముందే ఊదినట్టున్నారు.

జోగయ్య లేచాడు. రాబడి తగ్గిందన్నాడు, డీజిలు పెరిగిందన్నాడు. "పెద్ద మేనేజరుగారి జీతం ఆరు వందలు!" అని గట్టిగా చదివి, "ఏరా అప్పలసూరీ?" అన్నాడు.

అప్పలసూరి తన చోట లేడు. అందరూ తలలు తిప్పి చూశారు. గుమ్మం దగ్గర జోళ్ల గుట్టలోంచి లేచి, చేత్తో ఒక జోడు పట్టుకుని వస్తున్నాడు. తళతళలాడుతోంది. నొక్కితే కిర్రుమంటోంది.

"ఇది ఎవులిది?"

"నాది. కలకత్తాది. ఇటు తే!" అన్నాడు జోగయ్య పక్కన కూర్చున్న చినబాబు.

"జీతం ఎంతకొత్తన్నావు బాబూ?"

"మూడు వందలు."

గోడౌనంతా ఆ రెండో మాట కోసం ఊపిరి బిగబట్టింది. జోగయ్య జిలేబీ నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు.

"ఎందుకింతే?" అన్నాడు మా బావ.



"ఏటది?" అన్నాడు జోగయ్య.

"ఎక్కువ అడిగినోడిని ఒక్కసారి అనుమానిత్తాను మావా. తక్కువకి వత్తానన్నోడిని రెండుసార్లు అనుమానిత్తాను. మిగతా మూడొందలూ ఇతగాడికి ఎవులిత్తారు? లైనులో ముందు నిలబెట్టినందుకు నువ్విత్తావేటి?"

ఎక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు ఒక్క లారీవాళ్లందరికీ అంటుకుంది.

బావ జోడు బోర్లించి చూపించాడు. "దీని అడుగు సూడండి. కొట్టులో ఏసిన నెంబరు కూడా సెరగనేదు. ఇతగాడు నేల మీద నడిసిందే నేదు. మన మేనేజరు బాబు జోడు నాను ఏడాదినుంచీ సూత్తన్నాను. జీతం దాసుకుంటన్నాడనుకున్నాను. తెల్లారి లేసి లైను పొడుగునా తిరిగి తిరిగి అరగదీసుకున్నాడు. ఆ చిల్లు మన కంపెనీదే. ఇంకో యాబై పెంచండి."

"ఎక్కడినుంచి తెమ్మంటావు?" అని అరిచాడు జోగయ్య.

"నువ్వు తింటన్నావు కదా, ఆ జిలేబీలోంచి. నలుగురు డైరెక్టర్ల ఇళ్లూ స్టాండు ఎనకాలే. మీటింగుకి కారు బాడుగ రాసుకుంటన్నారట. ఎందుకంత?"

ఇంకేముంది! గోడౌను రేకులు ఎగిరిపోయాయనుకోండి. కారు బాడుగ పోయింది, యాభై పెరిగింది, చినబాబు కిర్రుకిర్రుమంటూ వెళ్లిపోయాడు. గణపతిరావు గారు కళ్లజోడు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. వచ్చి చూస్తే ఆయన జోళ్లు లేవు!

"సూశారా, ఆడే దొంగ!" అన్నాడు జోగయ్య ఉత్సాహంగా.

అందరి చూపూ మా బావ మీద పడింది. ఆయన బుర్ర గోక్కున్నాడు. మీటింగులో అంతసేపు తడబడని మనిషి నీళ్లు నమిలాడు.

"అసిరయ్య కాడున్నాయి. ఆ అడుగులు సూడనేక కొత్తవి ఏయించమన్నాను. బేగి తెచ్చేత్తానుండండి బాబూ," అని కండువా దులిపి పరిగెత్తాడు. అసిరయ్య అంటే బస్సు స్టాండు దగ్గర జోళ్లు కుట్టేవాడు.

ఆ గొడవ విని గోడౌను ముందు చేరిన జనంలోంచి పోస్టుమాను జగన్నాధం వంగి తన జోడు తిప్పి చూసుకున్నాడు. "ఓలమ్మో! ఇది లారీ టైరు కదేటి!" అన్నాడు. ఒక క్లీనరు తనది తిప్పాడు. ఒక కలాసీ తిప్పాడు. కాసేపటికి గోడౌను ముందు సగంమంది ఒంటికాలి మీద కొంగల్లా నిలబడి తమ జోళ్ల అడుగులు చూసుకుంటున్నారు. జీతం తక్కువవాడి జోడు ఏది తిప్పినా అదే టైరు, అవే గీతలు. మా బావ ముసిల్దాని పాత టైరు. ఆ గీతలు ఎరగనివాళ్లు స్టాండులో లేరు.

నేనూ నాది తిప్పి చూసుకున్నాను. చెప్పనక్కర్లేదు కదా! ఇన్నాళ్లూ ఆ కుక్కని ఎన్ని దెబ్బలు కొట్టానో. ఆ సాయంత్రం పిలిచి దానికి ఇడ్లీలు పెట్టాను. అది నన్ను అనుమానంగా చూసి, దూరంగా ఈడ్చుకెళ్లి తింది.

బావ మాత్రం రాలేదు. చీకటి పడేదాకా చూసి, గణపతిరావు గారు మా ఆయన జోళ్లు తొడుక్కుని ఇంటికెళ్లారు. తరవాత తెలిసింది. మా బావ అసిరయ్య దగ్గరికి వెళ్తుంటే గజపతినగరం బస్సు ఆగిందట. అందులోంచి ఎవరో కొత్త ఆఫీసరు, హోల్డాలూ, ట్రంకు పెట్టే, టోపీతో దిగాడట. దిగి రిక్షా ఎక్కాడట. మా బావ ఆ రిక్షా వెనకాల, "బాబూ, ఒక్క మాట! ఎంతండి?" అని పరిగెత్తడం జనం చూశారు.

మేనేజరుగారి జోళ్లు ఇంకా అసిరయ్య దగ్గరే ఉన్నాయి. అటేపు వెళ్లేవాళ్లుంటే కాస్త పట్టుకురండి.