అడుగు నూనె

కామాటిపురా పన్నెండో గల్లీలోని ఆ పాత చాలులో, వరసగా ఒంటిగది వాటాలున్న ఆ మేడలో, మల్లవ్వ కొలిచి ఇచ్చినదాన్ని ఎవరూ మళ్ళీ కొలిచి చూసుకునేవారు కాదు. ఎవరింట్లో పురుడైనా పెళ్ళయినా బియ్యం ఎన్ని పడతాయో, పప్పు ఎంత నానబెట్టాలో ఆమెనే అడిగేవారు. ఆమె చెప్పినంత వండితే విస్తళ్ళు లేచే వేళకు గిన్నెలు ఖాళీ అయ్యేవి గాని, ఎవరూ చాలక లేవలేదు.

మల్లవ్వకు అరవై దాటాయి. ఆమె తాత, అవ్వ తెలంగాణ నుంచి రాళ్ళూ సున్నమూ మోయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమె పక్క గల్లీలోనే పుట్టింది, ఈ గల్లీకి కోడలై వచ్చింది. భర్త పోయాక ఆ ఒక్క గది ఖోలీలోనే కొడుకు అతుల్, కోడలు రుతుజ, మనవరాలు సాక్షితో ఉంటోంది. అతుల్ లిఫ్టులు రిపేరు చేస్తాడు. రుతుజ వర్లిలో ఒక డాక్టరు దగ్గర రిసెప్షనులో కూర్చుంటుంది. ఇద్దరూ పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. కాబట్టి పొయ్యి, కిరాణా, కూరగాయలు అన్నీ మల్లవ్వవే.

ప్రతి నెలా జీతం రాగానే రుతుజ ఇంటి ఖర్చు తెచ్చి అత్త చేతిలో పెట్టేది. సాక్షి బడిలో చేరిన ఏడు ఎంత ఇచ్చిందో ఇప్పుడూ అంతే. సాక్షి ఐదో తరగతికొచ్చింది, కందిపప్పు ధర ఎక్కడికో పోయింది, నూనె అంతకన్నా పైకి పోయింది, ఆ డబ్బు మాత్రం అక్కడే ఉంది. ఇంకొంచెం కావాలని మల్లవ్వ అడగలేదు. అడగకపోవడానికి ఒక కారణముంది. రుతుజ తన స్నేహితురాళ్ళతో ఫోనులో మాట్లాడుతూ, "మా అత్తమ్మ చేతిల బర్కత్ ఉంది. మీ ఇండ్లల్ల చాలది, మా ఇంట్ల మిగులుతది" అని నవ్వుతుండగా మల్లవ్వ ఒకసారి వింది. ఆ మాట ఆమెకు కొత్త చీరకన్నా ఎక్కువైంది.

దాన్ని నిలబెట్టుకోవడానికి ఆమె పడని పాటు లేదు. కందిపప్పులో సగం పెసరపప్పు కలిపింది. టమాటా పిరమైన నెల చింతపండుతో సరిపెట్టింది. నాగ్‌పాడా మార్కెట్లో బండ్లు ఎత్తేసే వేళకు పోయి, మిగిలిన వంకాయలు ఏరుకొచ్చింది. అదీ చాలక చాలులోని ఇంకో నాలుగిళ్ళను కూడగట్టింది. చిన్న ప్యాకెట్లు కొంటే దుకాణదారు బాగుపడతాడు, అందరం కలిసి హోల్‌సేల్లో పెద్ద డబ్బా తెప్పించి పంచుకుందామంది. పెద్దమనిషి కిష్టయ్య ఫోను చేసి నూనె తెప్పించడానికి ఒప్పుకున్నాడు. పై అంతస్తులోని సపన చేరింది, హితేష్ వాళ్ళమ్మా చేరింది. ఐదో ఇల్లు ఎవరిదంటే, కింది ఖోలీలో కిరాయికుండే రాములమ్మదని మల్లవ్వే చెప్పింది.

రాములమ్మ, ఆమె పెనిమిటి పెంటయ్య పాలమూరు నుంచి వచ్చి రెండేళ్ళయింది. అతను బిల్డింగు పనికి పోతాడు. పాత కుటుంబాలవాళ్ళు వాళ్ళను 'ఊరోళ్ళు' అనేవారు. తమ తాతలు ఏ దారిన వచ్చారో అప్పుడు వాళ్ళకు గుర్తుండేది కాదు.

"వాళ్ళు ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. నడుమ మనకెందుకు?" అంది హితేష్ వాళ్ళమ్మ.

"నాది పూచీ," అంది మల్లవ్వ.

బండివాడు మెట్లెక్కనన్నాడు కాబట్టి డబ్బా రాములమ్మ ఖోలీలోనే దించేవారు. మల్లవ్వ లీటరు చెంబు, గరాటు పట్టుకుని దిగి, ఇంటికి మూడు చెంబుల లెక్కన పోసేది. పనుల నుంచి ముందొచ్చినవాళ్ళు ఆ సాయంత్రం, ఆలస్యమైనవాళ్ళు మర్నాడు తమ క్యాన్లు నింపించుకునేవారు.

మొదట్లో తప్పేమీ లేదు. అందరికీ పోశాక డబ్బా గోడలకు అంటుకుని అడుగున కాస్త నూనె మిగిలేది. పోసే మనిషి కష్టానికి ఆ అడుగు నూనె పోసే మనిషిదేనని కిష్టయ్య తేల్చాడు. మల్లవ్వ డబ్బాను పైకి తెచ్చి, ఎండ తగిలేచోట బోర్లించి, చుక్కచుక్కా గిన్నెలోకి దించేది. రెండు పూటల పోపుకు వచ్చేది.

నూనె ధర ఒక్కసారిగా ఎగిరిన నెలలో ఆమె చెంబును అంచుదాకా నింపలేదు. వేలి మందం తక్కువగా ఉండగానే ఆపింది. కావాలని చేశానని ఆ రోజు తనకు తాను కూడా చెప్పుకోలేదు. చేయి వణికిందనుకుంది. మరుసటి నెలా అలాగే వణికింది. అడుగు నూనె రెండు పూటల నుంచి వారానికి సరిపడా అయింది. ఎవరూ గమనించలేదు. గమనించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. మల్లవ్వను తర్వాత అన్నిటికన్నా ఎక్కువగా కోసింది అదే.

దీపావళి నెల వచ్చింది. మురుకులు, గారెలు చేయాలి, చాలంతా పళ్ళేలు పంచాలి. ఏటా మల్లవ్వ ఇంటి మురుకులంటే పేరు. తన వాటా క్యాను నింపుకుని చూస్తే పండగకు ఎటూ చాలదనిపించింది. అప్పుడే కుళాయి దగ్గర వంతు వచ్చిందని కేక వినబడింది.

"అక్కా, జర చూస్తుండు. నీళ్ళు పట్టుకొస్త," అని రాములమ్మ బిందె తీసుకుని పరుగెత్తింది.

ఖోలీలో మల్లవ్వ ఒక్కతే. సంచిలో ఖాళీ సీసా ఉంది. అది ఖాళీగా ఎందుకు తెచ్చిందో ఆమెకు తెలుసు. నింపింది. మూత బిగించి, సంచిలో క్యాను పక్కన పెట్టి, పైన గుడ్డ కప్పింది. రాములమ్మ తడిచీర పిండుకుంటూ వచ్చేసరికి గరాటు తుడుస్తూ కూర్చుంది.

మిగతావాళ్ళ చెంబుల్లో వేలి మందం తగ్గిస్తే ఈ సీసా పూడిపోతుందని ఆమె లెక్క. కాని కిష్టయ్య వచ్చి ఎదురుగా పీట వేసుకున్నాడు, చాలు పడగొట్టి కొత్తగా కట్టే ముచ్చట ఎత్తుకున్నాడు. ఆయన కళ్ళ ముందు చెంబు తక్కువ నింపడానికి చేయి రాలేదు. ఆయనకు, హితేష్ వాళ్ళమ్మకు, రాములమ్మకు అంచుదాకా పోసింది. సపన వాటా ఉండగా డబ్బాకు మూత పెట్టి పైకి వచ్చేసింది.

మర్నాడు సాయంత్రం సపన క్యాను తెచ్చింది. మూడో చెంబు సగం కూడా నిండలేదు. మల్లవ్వ డబ్బాను పూర్తిగా వంచి పట్టుకుంది. నూనె దారమై, చుక్కలై ఆగిపోయింది.

"గింతేనా?" అంది సపన. డబ్బాలోకి తొంగి చూసింది. తర్వాత గది చుట్టూ చూసింది. "రాత్రంత డబ్బా ఈడనే ఉంది గద."

రాములమ్మకు ఆ మాట అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. "నేను ముట్టలే బిడ్డా. మల్లక్క మూత పెట్టి పోయింది, మళ్ళ ఆమెనే తీసింది. అడుగు."

అప్పటికి హితేష్ వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అందరూ మల్లవ్వ వైపు తిరిగారు. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. దాని వెంటే రుతుజ ముఖం, ఆ బర్కత్ మాట, 'నాది పూచీ' అన్న తన గొంతు, అన్నీ వచ్చాయి.

"నేను పోసినప్పుడైతే సరిగ్గనే ఉండె," అంది మల్లవ్వ.

అంతకు మించి అనాల్సిన అవసరం లేకపోయింది. ఊరోళ్ళను కలుపుకుంటే ఇట్లనే అయితదని హితేష్ వాళ్ళమ్మ గొణిగింది. సపన గట్టిగా ఏమీ తిట్టలేదు గాని, "అవసరముంటే అడగొచ్చు, దాంట్ల సిగ్గేంది" అంది. రాములమ్మ తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

పైకి వెళ్ళాక మల్లవ్వ తన క్యాను తెచ్చి సపనకు తక్కువైన నూనె పోసింది. అలా చేస్తే గుండె కుదుటపడుతుందనుకుంది.

"నువ్వెందుకు నష్టపోవాలె పెద్దమ్మా? ఒకరు తీస్తే ఇంకొకరు కట్టుడా?" అంది సపన, కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనై. మర్నాటికి చాలంతా మల్లవ్వ పెద్దమనసు గురించే మాట. ఆమె రెండు రోజులు అన్నం సరిగా తినలేకపోయింది. జ్వరమని చెప్పింది.

రాములమ్మను జట్టు నుంచి తీసేశారు. ఆమె మళ్ళీ మూలమీది దుకాణంలో ఏ రోజుకారోజు చిన్న ప్యాకెట్టు కొనుక్కోవడం మొదలుపెట్టింది. కొంగు చాటున పట్టుకుని మెట్ల పక్కనుంచి పోతుంటే మల్లవ్వ పైనుంచి చూసేది. చూడకూడదనుకుంటూనే ఆ వేళకు ఖోలీల ముందరి గ్యాలరీలోకి వచ్చేది.

పండగ ముందురోజు ఆ సీసా నూనెతోనే మురుకులు వండింది. ఎర్రగా, గుల్లగా వచ్చాయి. సాక్షి పళ్ళేలు సర్దుతూ, "ఆజీ, కింద రాములమ్మ కాకూకు పెట్టలేదేంది?" అని అడిగింది. మల్లవ్వ ఇంకో పళ్ళెం తీసింది. దాన్ని మాత్రం సాక్షి చేతికివ్వలేదు. తనే పట్టుకుని దిగింది.

రాములమ్మ చాట ముందు కూర్చుని రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పళ్ళెం చూసి గబగబా లేచి చేతులు తుడుచుకుంది.

"నూనె గింత పిరమైతే కూడ మమ్ముల మరువలే అక్కా," అంది. "ఈ చాలుల నా మొకం చూసి మాట్లాడేది నువ్వొక్కదానివే."

మల్లవ్వ గడప మీద కూలబడింది.

"గట్ల అనకు రాములూ. ఆ నూనె నేనే తీసిన. నువ్వు నీళ్ళకు పోయినప్పుడు. ఈ మురుకులు ఆ నూనెవే."

రాములమ్మ అప్పటికే ఒక మురుకు విరిచి చేతిలో పట్టుకుని ఉంది. దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

"ఆ దినం మా ఆయన పని నుంచి వచ్చి, 'అక్కరకు తీసినవా చెప్పు, నేనేమన' అన్నడు," అంది. "పదిహేనేండ్ల సంసారం అక్కా. నేను తియ్యలేదని పోచమ్మ మీద ఒట్టేసిన. అయినా ఆయన పక్కకు తిరిగి పండుకుండు. నమ్మిండో లేదో నాకు ఇప్పటికీ ఎరుక లేదు."

"నన్ను తిట్టు."

"నిన్ను తిడితే నాకేం ఫాయిదా? నాకు చెప్పి నువ్వు తేలికైతవు. నేనేమైత? చెప్పేదుంటే పైన చెప్పు." పళ్ళెం తీసి మల్లవ్వ ఒళ్ళో పెట్టింది. చాట ముందుకు జరుపుకుని మళ్ళీ రాళ్ళు ఏరసాగింది.

పైన చెప్పడం అంత సులువు కాలేదు. దీపావళి పోయింది. కిష్టయ్య ఎదురైతే చెబుదామనుకునేది, ఆయన ఆరోగ్యం అడిగి వచ్చేసేది. సపన నవ్వుతూ పలకరిస్తే ఆ నవ్వు ఇంకొక్క రోజు ఉండనీ అనిపించేది. అలా నెల గడిచి, మళ్ళీ డబ్బా తెప్పించే రోజు వచ్చింది. గ్యాలరీలో అందరూ చేరారు. ఈసారి నాలుగిళ్ళే కాబట్టి వాటాలు ఎలా చేయాలని కిష్టయ్య అడిగాడు.

"ఐదిండ్లే," అంది మల్లవ్వ. "రాములమ్మ తియ్యలే. నేను తీసిన. అంతకుముందు కూడ చెంబు తక్కువ నింపిన, మీ అందరికి."

 హితేష్ వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎన్నటి నుంచి?" అన్నాడు కిష్టయ్య. ఆమె చెప్పింది. ఆయన తల వంచుకున్నాడు. "నేను నీ ఎదురుంగనే కూసుంటి గద మల్లవ్వా," అన్నాడు, తనదే తప్పన్నట్టు.

సపన ముఖం ఎర్రబడింది. "నువ్వు నాకు నూనె పోస్తే నేను అందరికి చెప్పుకుంట తిరిగిన. పాపం ఆమెను దొంగను చేసిన," అంది. "నీ నూనె నాకొద్దు, నీ మాటా వద్దు." విసవిసా మెట్లు దిగి కిందికి పోయింది. రాములమ్మతో ఏం మాట్లాడిందో పైకి వినబడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లోనూ చెప్పింది, బయటి నుంచి వినేలోపు. అతుల్ గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. రుతుజ ఏడ్చింది. "ఖర్చు చాలుతలేదని ఒక్క మాట అంటే అయిపోతుండె గద అత్తమ్మా."

"నా చేతిల బర్కత్ ఉందంటివి. లేదని ఎట్ల చెప్పుదు?" అంది మల్లవ్వ.

అప్పటినుంచి రుతుజ తనే నెలకొకసారి అత్తతో కలిసి మార్కెట్టుకు వస్తోంది. ధరలు చూసి మొదటిరోజే కళ్ళు తేలేసింది. ఇంటి ఖర్చు కొంత పెరిగింది, అతుల్ ఆదివారం కూడా పనికి పోతున్నాడు, వేపుళ్ళు తగ్గాయి. జట్టు విడిపోలేదు, ఎందుకంటే విడిపోతే ఎవరికీ గిట్టుబాటు కాదు. రాములమ్మ తిరిగి చేరింది గాని, డబ్బా తన ఖోలీలో దించొద్దంది. ఇప్పుడు సపన పోస్తుంది, అందరూ వచ్చేదాకా మూత తీయదు. మల్లవ్వ క్యాను చివర నిండుతుంది. 

వానాకాలంలో పెంటయ్య పని దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మల్లవ్వ రెండు పూటలా గిన్నెలో చారూ అన్నమూ పెట్టి కిందికి తీసుకెళ్ళింది. రాములమ్మ కాదనలేదు. ఇంట్లో నిజంగా ఏమీ లేదు. రోజూ ఆ గిన్నె శుభ్రంగా తోమి, ఆరబెట్టి, మెట్ల మొదట్లో పెట్టేది. ఇంతకు ముందైతే ఆమె గిన్నెను వట్టిగా తిరిగిచ్చేది కాదు. చిటికెడు చక్కెరో, రెండు పచ్చిమిరపకాయలో వేసేది, ఏమీ లేకపోతే నాలుగు బియ్యం గింజలైనా వేసేది.

మల్లవ్వ ఆ వట్టి గిన్నె తీసుకుని మెట్లెక్కి వచ్చేది, రాత్రి వంటకు పొయ్యి వెలిగించేది.