పదమూడు చరణాల జోలపాట

ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం కేటలాగులో నా పేరు ఉంది. రచయితగా కాదు, సంపాదకుడిగా కాదు, పరిశోధకుడిగా అసలే కాదు. ఏ హోదాలో ఉందో చివర్న చెబుతాను. ముందు ఆ పేరు అక్కడికి ఎక్కడానికి నేను ఎంతమంది ముందు, ఎలా నిండా మునిగానో వినండి.

నిద్ర విషయంలో నేను పుట్టుశ్రీమంతుణ్ణి. మేడ్చల్‌లో బస్సెక్కి, దిగాల్సిన చోట ఏనాడూ దిగలేదు. మా నాయిన జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేసేవాడు. "మా కంపెనీల నిద్రమాత్రలు జేస్తరు గని, నీ అసొంటోడు ఇంటికొక్కడుంటె కంపెనీ మూసుకోవాలె" అనేవాడు. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు కదా. నా నిద్ర ఉద్యోగం కూడా ఎరుగదు.

ఎం.ఏ. తెలుగు అయ్యాక శామీర్‌పేట దగ్గర ఆ లైబ్రరీలో ఆరు నెలల కాంట్రాక్టు మీద చేరాను. చుట్టుపక్కల ఊళ్ళలో పాటలు రికార్డు చేసి తేవాలి. సాహిత్య విద్యార్థులకూ అధ్యాపకులకూ నెలనెలా పంపే లైబ్రరీ సమాచార పత్రికలో వాటి గురించి రాయాలి. మా లైబ్రేరియన్ శారద మేడం. ఆమె ఎవరినీ తిట్టదు, కళ్ళజోడు తీసి తుడుస్తుంది. ఎంతసేపు తుడిచిందో దాన్నిబట్టి మన తప్పు ఎంతటిదో లెక్కేసుకోవాలి.

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంటి పెద్ద మల్లమ్మ అవ్వ. ఆమెకు పదమూడు చరణాల జోలపాట వచ్చని తెలిసింది. ఆమె కూతుళ్ళను అడిగితే తమకు రెండు చరణాలే వచ్చన్నారు. మిగతావి ఎందుకు రావని నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు. అవ్వ పాడకపోతే ఆ పాట అవ్వతోనే పోతుంది. మేడం కూడా చెప్పింది, ఈ ఒక్క పాట పూర్తిగా తెస్తే నా కాంట్రాక్టు పొడిగించమని పైవాళ్ళను అడగవచ్చని.

మధ్యాహ్నం వెళ్ళాను. అవ్వ ముందు చేపల పులుసుతో అన్నం పెట్టింది. అక్కడే నా పతనం మొదలైంది. తిని, రికార్డర్ నొక్కి, బుద్ధిగా కూర్చున్నాను.

"గట్ల కూసుంటె జోలపాట రాదు బిడ్డా" అంది అవ్వ. "ఎవలన్న పండుకుంటెనె నోటికొస్తది. మంచం మీద ఒరుగు."

ఉద్యోగధర్మం కదా, ఒరిగాను. చెరువు మీంచి చల్లగాలి, నులకమంచం, కడుపులో పులుసు. అవ్వ గొంతు ఎత్తింది.

"సెరువు పండుకుంది, సేప పండుకుంది
సేప మీద ఎన్నెల పండుకుంది"

నీళ్ళ మీద వెన్నెల పరుచుకోవడం నాకు పట్టపగలే కనిపించింది. ఆ వెన్నెల మీద నేను మెల్లగా నడుచుకుంటూ వెళ్ళాను. ఎంత దూరం వెళ్ళానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఎండ వాలింది, అవ్వ పక్కన కూర్చుని వల కుట్టుకుంటోంది. రికార్డర్ ఇంకా నడుస్తోంది.

"అయిపోయిందా అవ్వా?"

"ఎప్పుడో అయిపాయె."

ఇంకేం కావాలి? రికార్డింగు చాలా పొడుగుంది, పాట పొడుగ్గా ఉందన్నమాట. మళ్ళీ వింటే మళ్ళీ నిద్రొస్తుందని వినకుండానే సమాచార పత్రికకు రాసేశాను. 'పదమూడు చరణాల సంపూర్ణ జోలపాట. చరణాల నడుమ చెరువు అలల సవ్వడి వినవచ్చు.' ఆ అలలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడగకండి. కలలోంచే వచ్చాయి.

ఆ రికార్డింగు ఆవిష్కరణకు లైబ్రరీ హాలు నిండింది. సాహిత్య విద్యార్థులు, అధ్యాపకులు, ముందు వరుసలో కొత్త చీరలో మల్లమ్మ అవ్వ. మేడం మీట నొక్కింది. రెండు చరణాలు అమృతంలా సాగాయి. తర్వాత పాట ఆగింది. ఒక గంభీరమైన శబ్దం మొదలై, లేస్తూ, పడుతూ హాలంతా నిండింది.

"అలలు" అన్నారు మా తెలుగు ప్రొఫెసర్ గారు, కళ్ళు మూసుకుని. విద్యార్థులు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. నాకు మాత్రం ఆ అలలు బాగా పరిచయమున్నట్టు అనిపించింది. అంతలో స్పీకర్లోంచి అవ్వ గొంతు ఎవరితోనో అంటోంది: "పాపం, యూనివర్సిటోళ్ళు తిండి వెట్టరేమొ. బుక్కెడు తినంగనె పడిపోయిండు."

హాలు ఒక్కసారి గొల్లుమంది. ప్రొఫెసర్ గారు కళ్ళు తెరిచారు. మేడం నవ్వలేదు.

"మిగతా పదకొండు చరణాలు ఏవి అవ్వా?" అని అడిగింది.

అవ్వకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "పండుకున్న పిల్లకు ఇంక పాడుతరా బిడ్డా? పాట పని అయిపాయె."

అప్పుడర్థమైంది నాకు, కూతుళ్ళకు రెండు చరణాలే ఎందుకు వచ్చో. జోలపాట చివర్న ఏముందో ఏ పిల్లా వినదు. విన్న పిల్ల ఉందంటే పాట ఓడిపోయినట్టే.

మేడం నన్ను గదిలోకి పిలిచి కళ్ళజోడు తీసింది. నేను నిలబడి చూస్తూనే ఉన్నాను, ఆమె తుడుస్తూనే ఉంది. చివరికి, సంపూర్ణం అని మన పత్రికలో అచ్చయింది కాబట్టి దాన్ని సంపూర్ణం చెయ్యమంది. లేకపోతే ఈ నెలాఖరుకు నేను ఇంట్లో హాయిగా పడుకోవచ్చంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు తిండి మానేసి, మూడు చాయ్‌లు తాగి అవ్వ దగ్గరికి వెళ్ళాను. అవ్వ నా ముఖం చూసి, ఒక గంపెడు బొచ్చె చేపలూ ఒక కత్తీ నా ముందు పెట్టింది.

"పొలుసు గీకు. సేతికి పనుంటె కన్ను మూతవడది."

"మరి ఎవరన్నా ఒరగాలంటివి గదా అవ్వా?"

"నేనే ఒరుగుత" అని మంచమెక్కింది. ఆకాశం చూస్తూ చెప్పింది: "నా పిల్లలంత మంచోళ్ళు, జల్దీ పండుకునేటోళ్ళు. నేను జూడు, మొండిదాన్ని. మా అవ్వ నా కోసం కొసదాక పాడింది. తర్వాత ఆ కొస నేనెవ్వలకు పాడనే లే."

పాడింది. ఒక్కో చరణంలో ఒక్కొక్కరు పడుకుంటున్నారు. కొంగ, వల, పడవ, చివరికి చెరువుగట్టు కూడా. నేను గీకుతున్నాను, పొలుసులు ముఖం మీద పడుతున్నాయి, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. పదమూడోది వచ్చింది.

"ఊరు పండుకుంది, ఉయ్యాల ఆగింది
పాడి పాడి అలిసిన తల్లికి
జోల ఎవలు పాడాలె"

నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఇంతమందిని నిద్రపుచ్చిన ఆడవాళ్ళంతా ఈ మాట అడుగుతూనే ఉన్నారు, మేమంతా నిద్రపోతూనే ఉన్నాం. ఏడుపొచ్చింది నాకు. తల తిప్పి చూస్తే అవ్వ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఏం చెయ్యాలో తోచక, నా గొంతు ఎలాంటిదో తెలిసి కూడా, మొదటి చరణం మెల్లగా అందుకున్నాను. అవ్వ నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. చేతుల నిండా చేపపొలుసు, రికార్డర్ యూనివర్సిటీది, ముట్టుకుంటే మేడంతో మరో తుడుపు. అందుకని ఆపలేదు.

కాంట్రాక్టు పొడిగించారు. మేడం రెండు రికార్డింగులూ కేటలాగులో పెట్టింది. మొదటిది తీసెయ్యమని బతిమాలాను. పరీక్షల ముందు నిద్రపట్టని పిల్లలు అదే వింటున్నారంది. కేటలాగులో ఏదీ దాచకూడదంది. మీరు ఇప్పుడు వెతికినా దొరుకుతుంది.

మొదటిది. పాట: మల్లమ్మ. గురక: రవీందర్.

రెండోది. పాట: మల్లమ్మ, రవీందర్. గురక: మల్లమ్మ.

కావున యావన్మంది సాహిత్య విద్యార్థులకూ అధ్యాపకులకూ తెలియజేయడమేమనగా: చివరిదాకా వినని దాని గురించి ఇకమీదట ఒక్క అక్షరం రాయను. ఉద్యోగధర్మం ఎంత పిలిచినా నులకమంచం మీద ఒరగను. విధి నిర్వహణలో చేపల పులుసు ముట్టను. ఈ మూడింటిలో మూడోది మొన్న ఆదివారం తప్పింది, అవ్వే పిలిచింది. తిన్నాక ఒరగలేదు. కూర్చునే నిద్రపోయాను.