గంగారెడ్డి ముందు నుంచి ఎత్తిన ప్లేట్లు

1963లో, బోధన్ రోడ్డు మీది ఒక చక్కెర మిల్లు ఆఫీసర్ల క్లబ్బులో నన్ను భోజనశాల బేరర్‌గా వేశారు. సాయంత్రాలు బార్‌లో గ్లాసులు తుడవడం, సోడాలు అందివ్వడం కూడా నా పనే. ఉద్యోగం మాత్రం సీజనుది. చెరకు ఆడినన్నాళ్లే జీతం, మిల్లు ఆగితే ఇంటికి. పర్మనెంటు కావాలంటే హెడ్ బేరర్ రహీం భాయ్ మెచ్చాలి. ఆయన తన తలపాగా మడతను తప్ప దేన్నీ మెచ్చినవాడు కాదు.

ఆయన నేర్పిన మొదటి పాఠం ప్లేటు తీయడం. "ఛురీ, కాంటా ప్లేటులోపట పక్కపక్కన పండుకున్నయంటే సాబ్ తినుడు అయిపోయినట్టు. అడుగకు, ఎత్తెయ్. ఎడమొహం పెడమొహం ఉన్నయంటే ముట్టకు," అన్నాడు. ఛురీ అంటే కత్తి, కాంటా అంటే ముళ్ల చెంచా.

ఆ ఏడు రైతులు చెరకును మిల్లుకు తోలకుండా బెల్లం బట్టీలకు తోలుతున్నారు. వాళ్లను మళ్లించుకోవడానికి మేనేజరుగారు నవీపేట వైపు పెద్ద రైతు గంగారెడ్డిని ఆఫీసర్లతో పాటు క్లబ్బులో మధ్యాహ్న భోజనానికి పిలిచారు. "ఇయ్యాల మంచిగ జెయ్యి, నీ పేరు పర్మనెంటుకు జెప్త," అన్నాడు రహీం భాయ్.

మొదట కట్లెట్ పెట్టాం. గంగారెడ్డి ఛురీ కాంటాలు చేతికి అడ్డమని ప్లేటులోనే ఓ పక్కకు జంటగా సర్ది, చేత్తో ఒక ముక్క తుంచుకున్నాడు. నేను జంటను చూశాను, ప్లేటు ఎత్తేశాను. ఆయన చేతిలో మిగిలిన ముక్క నోట్లో వేసుకున్నాడు. చేప వచ్చింది. మళ్లీ పక్కకు సర్దాడు, మళ్లీ ఎత్తాను. దొరల మర్యాద ఇంతే కాబోలు, రుచి చూసి వదిలేయాలి కాబోలు అనుకున్నాడట. నాకేమో, ఇంత మితంగా తినే మనిషి మా జిల్లాలో ఉన్నాడా అని గౌరవం కలిగింది.

మూడోది కోడి పలావు. ఈసారి ఆయన ఎడమచేత్తో ప్లేటు అంచు గట్టిగా పట్టుకుని, తల ఎత్తకుండా తినసాగాడు. ఛురీ కాంటా మాత్రం జంటగానే ఉన్నాయి. నేను లాగాను. ఆయన వదల్లేదు. మొహమాటపడుతున్నాడనుకుని ఇంకాస్త లాగాను.

"తమ్మీ, గిదన్న తిననియ్యవా? పిలిసి ఉపాసముంచుతరా?" అన్నాడు గంగారెడ్డి.

మేనేజరుగారు నన్ను రేపటి నుంచి రానివ్వద్దన్నారు. పర్మనెంటు సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఊడిందని నాకు ఏడుపొచ్చింది. రహీం భాయ్ ముందుకొచ్చి ఛురీ కాంటాల నియమం విప్పి చెప్పాడు. గంగారెడ్డి నోట్లో ముద్ద ఉండగానే పడీ పడీ నవ్వాడు.

"వాన్ని తీసెయ్యకుర్రి సారూ. ఎదురుంగ ఎవరున్నదీ సూడలే, జెప్పినట్టే జేసిండు. మీ చెరుకు తూకం కాడ తక్కువ రాసెటోన్ని తీసి గసొంటోన్ని నిలవెట్టుర్రి, మా బండ్లన్ని మీకే తోలిపిస్త."

ఉన్నట్టుండి ఆఫీసర్లందరికీ పలావు మీద మహా శ్రద్ధ పుట్టింది.

వారం తిరగకుండా తూకం గుమాస్తాను మార్చారు. బండ్లు వచ్చాయి. నన్ను భోజనశాలలోనే పర్మనెంటు చేశారు.

నియమం మనకు తెలిస్తే చాలదు, ఎదుటివాడికీ తెలుసో లేదో చూసుకోవాలి. ఆ తరువాత రిటైరయ్యేదాకా "తియ్యమంటరా?" అని అడగకుండా ఏ ప్లేటూ ఎత్తలేదు. పెద్ద దొరలు కొందరు విసుక్కున్నారు. ఆకలితో మాత్రం ఎవరూ లేవలేదు.