బావిరాతి మీది 'లెట్'

పక్కింటి టీవీలో టెన్నిస్ నడుస్తోంది. సర్వ్ చేసిన బంతి వలకు తగిలి అవతల పడగానే అంపైర్ గొంతు ఖంగుమంది: "లెట్." మదనపల్లెలో మా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న నా చేయి ఆగిపోయింది. ఆ చిన్న మాట ఎప్పుడు చెవిన పడ్డా నాకు గ్రేసమ్మ టీచరే గుర్తొస్తుంది. ఆమెను ఎరగనివాళ్లకు ఎట్లా చెప్పాలి? ఒక్క ఇంగ్లీషు మాట అర్థం చెప్పి, తాళం వేసిన గేటు తీయించిన మనిషి అని చెబుతాను.

నేను కుప్పం నుంచి పుంగనూరుకు ఇంగ్లీషు టీచరుగా వచ్చేటప్పటికి ఆమె ఆ బళ్లో అందరికన్నా సీనియరు. మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగింది. పాత ఇంగ్లీషు మాటలంటే ప్రాణం. 'నైస్' అంటే ఒకప్పుడు ఏమీ తెలియనివాడని, 'సిల్లీ' అంటే ధన్యుడని ఆమె చెప్పాకే నాకు తెలిసింది. హెడ్మాస్టరు ఎవరినైనా 'నైస్' అన్నప్పుడల్లా నావైపు చూసి కళ్లతోనే నవ్వేది. నా కుప్పం మాటతీరును స్టాఫ్‌రూమ్‌లో ఎవరో వెక్కిరిస్తే నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. "నీ తెలుగులో అరవం కలిసిండాది, కలవనీమ్మా. మాట ఊరు మారితే అర్థం గూడా మారతాది. దాంట్లో సిగ్గేముండాది?" అంది. ఆ పూట నుంచి ఆమెను వదల్లేదు నేను.

నేను అద్దెకున్న వీధిలో బోరు నీళ్లు ఉప్పు. తాగే నీళ్లన్నీ పాత బంగళా బావిలోవే. ఎప్పుడో ఒక దొరసాని తవ్వించిన బావి అది. బంగళా కొన్న నాగరాజప్ప గేటుకు తాళం వేశాడు. మా ఇంటి ఓనరు రెడ్డెమ్మ అడగబోతే బావిగట్టు మీది రాతిని చూపించాడట. "నేను సెప్పేది గాదమ్మా, తవ్విచ్చినామే రాసిండాది. రాతిలో ఉండేదే నా మాట" అన్నాడట. ఆమె నన్ను వెంటబెట్టుకుపోయింది. గేటు కమ్మీల సందులోంచి చూస్తే 'నో వన్ హూ కమ్స్ ఫర్ వాటర్ షల్ బి లెట్' అని చెక్కి ఉంది. నీళ్లకొచ్చే ఎవరినీ రానివ్వకూడదు. ఇంకే అర్థం వస్తుంది? రెడ్డెమ్మ ఖాళీ బిందెతో వెనక్కి తిరిగింది. ఏనాడో పోయిన ఆ దొరసానిని బండబూతులు తిట్టుకున్నాను.

మరునాడు గ్రేసమ్మ టీచరుతో చెప్పుకున్నాను. "తిక్కదానా, బావి తవ్విచ్చి నీళ్లియ్యొద్దని ఎవరన్నా రాస్తారా? పా" అని బడి వదలగానే బయల్దేరింది. గేటు దగ్గర వీధి ఆడవాళ్లంతా బిందెలతో చేరారు, నాగరాజప్ప బయటికొచ్చాడు.

"నాగరాజప్పా, ఇంగ్లీషులో లెట్ అని రెండు మాటలుండె. ఒకటి రానియ్యడం, ఇంకోటి అడ్డం పడడం. రాయడంలో రెండూ ఒకటే అయిపోయినాయి, రెండోదాన్ని జనం మర్సిపోయిరి. ఆయమ్మ రాసింది ఆ రెండోది. నీళ్లకొచ్చినోళ్లకు ఎవరికీ అడ్డం పడొద్దని."

ఆయన నవ్వాడు. "మీకు కావాల్సినట్ల అర్థం సెప్తే ఎట్లా టీచరమ్మా? సాక్ష్యం యాడుండాది?"

"నీ ఇంట్లోనే ఉండాది. సింగపూరు పోయొచ్చినావు గదా, పాస్‌పోర్టు తేప్పా."

తెచ్చాడు. ఆమె మొదట్లోని వాక్యం మీద వేలు పెట్టి 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్' అని చదివింది. "నిన్ను లెట్ లేకుండా పోనీమని మన సర్కారు పరదేశమోళ్లని అడగతాండాది. లెట్ అంటే రానియ్యడమే అయితే, రానియ్యకుండా పోనీమనా? అడ్డం లేకుండా అని గదా?"

నాగరాజప్ప పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. మొహం మీద గేటు వేస్తాడేమో అనుకున్నాను. ఆయన పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని, "రాతిలో ఉండేదే నా మాట అంటిని" అని తాళంచెవి తీశాడు. అన్న మాట మీద నిలబడ్డాడు, అందుకు ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవమే.

గ్రేసమ్మ టీచరు అంతటితో వదల్లేదు. రాతి కింద తెలుగులో కూడా చెక్కించాలంది, రాసే పని నాకు అప్పగించింది. నేను 'జలార్థమై విచ్చేయువారిని నిరోధింపరాదు' అని గొప్పగా రాసుకెళితే కొట్టేసింది. "యాల ఇంత కష్టం? ఇది సదవను ఇంకో టీచరు రావాల" అంది. 'నీళ్లకొచ్చినోళ్లని ఆపొద్దు' అని తనే రాసిచ్చింది.

ఆమె పోయి చాలాకాలమైంది. ఎవరి మాటకైనా కోపం ముంచుకొస్తే, అన్నవాళ్ల దగ్గర ఆ మాటకు అర్థమేమిటని ముందు అడుగుతాను. క్లాసులో నా కుప్పం తెలుగే తలెత్తుకుని మాట్లాడతాను. పాత మాటలు చెప్పకుండా ఏ పాఠమూ ముగించను. మొన్న పదో తరగతి పిల్ల ఒకతె లేచి, "మేడమ్, ఈ పాత మాటలు పరీక్షకొస్తాయా?" అంది.

"రావు. నీళ్లకొస్తాయి" అన్నాను.

పిల్ల తెల్లమొహం వేసింది. పుస్తకం మూసి, రెడ్డెమ్మ ఖాళీ బిందె దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాను.