ఫ్లాపీకి పెట్టిన బొట్టు

పసుపు మీద నాకు కోపం లేదు. పసుపు ఉడికే వాసనలో పెరిగినవాణ్ణి. మోస్రా దగ్గర మా దొరల కోట, మా గడి, కూలిపోయి, భూములు చేతులు మారి, నేను బోధన్‌లో ఒక కంప్యూటర్ సెంటర్లో జీతానికి చేరేనాటికి మాకు మిగిలింది ఇంటి పేరు, నిటారుగా కూర్చునే అలవాటు. అంతే.

చేరిన రోజే సెంటర్ నడిపే సేటు నన్ను గుమ్మంలో ఆపాడు. లోపల ఏసీ గది. చెప్పులతో పోకూడదు.

"మా బాపు మీ గడి ముంగట చెప్పులు చేతుల వట్టుకోని నడిచిండు. ఇప్పుడు నువ్వు ఇడువు దొరా" అని నవ్వాడు.

విడిచాను. దుమ్ము మిషన్‌కు చేటని నేర్చుకునే వచ్చాను. నియమం సరైనదే. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

నా పని చుట్టుపక్కల చెరుకు రైతుల వివరాలు ఎక్కించడం. ఎవరు ఏ తేదీన నాటారో చూసి, ఎవరి చెరుకు ముందు కోయాలో కంప్యూటర్ వరస తీసేది. వరస తప్పినవాడి చెరుకు చేనులోనే ఎండి బరువు తగ్గుతుంది. మా మిషన్‌లో హార్డ్ డిస్క్ లేదు, అంతా ఫ్లాపీల్లోనే. నల్లటి చదరపు తొడుగు, దాని లోపల పాటల క్యాసెట్ టేపుకు ఉండేలాంటి గోధుమరంగు పూతతో పల్చటి గుండ్రటి రేకు. ఆ పూతలో పడిన అయస్కాంతపు గుర్తులే మన అక్షరాలు. తొడుగు మీద పొడుగాటి కంత ఒకటి ఉంటుంది. అందులోంచే, ఫ్లాపీ పెట్టే డ్రైవ్‌లోని హెడ్, తిరిగే రేకును తాకుతూ చదువుతుంది. తాకుతూ! ఈ ముక్క సేటుకు ఎన్నిసార్లు చెప్పానో. అందుకే ప్రతి ఫ్లాపీకీ నకలు తీసి వేరే డబ్బాలో పెట్టాను.

దసరాకు ఆయుధపూజ చేశారు. నేను ఊళ్లో లేను. సేటు ఫ్లాపీలను కవర్లలోంచి తీసి, మిషన్ ముందు పేర్చి, నీళ్లలో కలిపిన పసుపుతో ఒక్కోదానికీ భక్తిగా బొట్టు పెట్టాడు. ఎక్కడ? నామం దిద్దడానికే వదిలినట్టున్న ఆ కంతలోనే. నా చెప్పుల దుమ్ముకు భయపడిన మనిషి!

పండుగయ్యాక నేను వెళ్లేసరికి డ్రైవ్ గరగరమంటోంది. మొదటి ఫ్లాపీ చదవలేదని సేటు రెండోది, మూడోది పెట్టాడట. అవీ చదవకపోయేసరికి నకళ్ల డబ్బా తెరిచి, శుభ్రంగా ఉన్నవాటినీ ఒకటొకటిగా అదే డ్రైవ్‌లో పెట్టాడు. హెడ్‌కు అంటి గట్టిపడిన పసుపు వాటన్నిటినీ గీకేసింది.

"డ్రైవ్ తుడవకుండ నకళ్లెందుకు పెట్టిండ్రు సేటూ?"

"పూజ చేస్తె ఖరాబైతదా? దేవుని మీదికి నూకుతున్నవా?"

"దేవుడు గీకలే. హెడ్ గీకింది."

"గదంత నాకెందుకు? రైతులొస్తరు. నీతోని తప్పైందని చెప్పు. దొర నోట్లకెల్లి గా మాటొస్తె ఎవ్వడు కిక్కురుమనడు."

నా ఒళ్లు మండింది. మా పేరు వినిపిస్తే చాలు ఎగతాళి చేసే మనిషికి, వాన పడగానే అదే పేరు గొడుగుగా కావాలి. స్పిరిట్ అద్దిన దూదితో హెడ్ తుడిచి, రైతుల చీటీలున్న గోనెసంచి విప్పి, మొదటి నుంచి మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాను.

పని సగంలో ఉండగా రైతులు వచ్చారు. ముందున్నది ఎడపల్లి పెద్దమనిషి ఒకాయన. సేటు నన్ను బయటికి పిలిచి, నేను నోరు తెరిచేలోపే అనేశాడు: "మా దొర చేతిల పొరపాటై మీ వరసంత పోయింది పెద్దయ్యా. మాఫ్ చెయ్యుండ్రి."

వాళ్లు నా వంక చూశారు. నిజంగానే ఎవరూ కిక్కురుమనలేదు. పెద్దమనిషి తల వంచుకుని "గట్లనా చిన్నదొరా, ఏం జేస్తం తియ్యి" అన్నాడు. తిట్టినా భరించేవాణ్ణి. ఆ వంచిన తలను చూడటం నా వల్ల కాలేదు.

కత్తెర తెచ్చి ఒక ఫ్లాపీ తొడుగు కత్తిరించి, రేకు బయటికి లాగాను. పూత లేచిపోయి గుండ్రంగా గీత పడింది. దాని అంచున పచ్చటి పొడి. ఆయన చేతిలో పెట్టాను. వేలితో రుద్ది వాసన చూశాడు.

"పసుపే. ఎవలు వెట్టిండ్రు?"

"దసరకు సేటు పెట్టిండు. గదే మురికి డ్రైవ్‌ల నకళ్లు గూడ ఖరాబ్ చేసిండు. నేను చెయ్యలే."

పెద్దమనిషి సేటు వైపు తిరిగాడు. "ఓ సేటూ, నేను గూడ ట్రాక్టర్‌కు బొట్టు పెడ్త. బానెట్ మీద పెడ్తగని డీజిల్ ట్యాంకిల పొయ్య!"

అందరూ గొల్లుమన్నారు. సేటు ముఖం మాడింది. "గడి కూలినా నీలుగుడు తగ్గలే. రేపటికెల్లి రాకు" అన్నాడు నాతో.

"మరి మా వరస?" అని అడిగాడు పెద్దమనిషి.

"చీటీలున్నయి. ఎక్కించుడు అయినంకనే పోత" అన్నాను.

తర్వాత నిజామాబాద్‌లో చాలా మిషన్లు చూశాను. హార్డ్ డిస్క్‌లో హెడ్ రేకును తాకదు, మూసిన డబ్బాలో వెంట్రుక మందం కూడా లేని ఎత్తున తేలుతుంది. సీడీని వెలుతురుతో చదువుతారు, మరక పడితే మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. పెన్‌డ్రైవ్‌లోనైతే తిరిగేదే లేదు, చిప్‌లో పట్టి ఉంచిన విద్యుత్ ఛార్జే అక్షరాలు. ప్రతి దసరాకూ వీటికీ బొట్లు పెడతారు. అవన్నీ తట్టుకుంటాయి. నాకే ఇంకా తట్టుకోవడం రాలేదు.

ఆ రోజు రైతులు వెళ్లాక గుమ్మం దగ్గర నిలబడ్డాను. సేటు చూస్తూనే ఉన్నాడు. ఉద్యోగం పోయింది, ఇక ఎవరి మాటకూ విడవాల్సిన పని లేదు. అయినా చెప్పులు బయటే విడిచాను. లోపల హెడ్ శుభ్రంగా ఉంది. మిగిలిన చీటీలు ముందు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాను.